అద్దె రసీదు – వోటు హక్కు

ముంబయి మహానగరపాలక సంస్థకు 2026 జనవరి 15వ తేదీని ఎన్నికలు జరిగినవి. పాత సభ గడువు 2022 మార్చి నెలలోనే తీరిపోయినది. నడుమ నించుమించు నాలుగేండ్లు ఈ నగరమునకు కార్పొరేటరు లేడు. ప్రభుత్వము నియమించిన పాలనాధికారియే సర్వమును నడపెను. కుళాయి ఎండినను, మురుగు పొంగినను, మన మాటగా సభలో నిలిచి అడుగువాడొకడు లేని లోటు ఎట్టిదో చాళ్ళలో నివసించువారికి మేము వేఱుగ వర్ణింప నక్కఱ లేదు. ఏ పక్షము గెలిచినది, ఏ పక్షము ఓడినది యను చర్చను పెద్ద పత్రికలు చేయుచునే యున్నవి. మావంటి చిన్న పత్రిక చేయవలసిన పని వేఱొకటి గలదు. ఈ వోటు మన గదులలోనికి ఎట్లు వచ్చినదో, ఎట్లు చేజారగలదో పాఠకులకు జ్ఞప్తి చేయుట యుక్తమని తలంచుచున్నాము.

1865 నాటి చట్టము ననుసరించి బొంబాయి పురపాలనము ఒక కమీషనరు చేతిలో నుండెను. అతని వ్యయమును పరిశీలింపవలసినవారు ప్రభుత్వము నియమించిన జస్టిసులు. కమీషనరు ఆర్థర్ క్రాఫర్డు నగరమును బాగుచేసెను గాని ధనమును నీళ్ళవలె వెచ్చించెననియు, పన్నుల భారము మోయలేమనియు 1871లో పెద్ద ఆందోళనము చెలరేగెను. అప్పటికి యువకుడైన ఫిరోజిషా మెహతా చేసిన వాదము గమనింపదగినది. కార్యనిర్వహణము ఒక్క అధికారి చేతనే యుండవచ్చును గాని, అతనిని అదుపులో నుంచు సభను పన్ను చెల్లించువారు ఎన్నుకొనవలెనని ఆయన వాదించెను. 1872లో క్రొత్త చట్టము వెలువడెను. సభ్యులు 64 మంది. వారిలో 32 మందిని పన్ను చెల్లించువారును, 16 మందిని జస్టిసులును ఎన్నుకొనగా, తక్కిన 16 మందిని ప్రభుత్వము నియమించెను. తొలి ఎన్నికలు 1873లో జరిగినవి. అయితే ఏడాదికి 50 రూపాయల పన్ను చెల్లించువానికే వోటు.

ఆ అంకె ముందు మనవారెచ్చట నుండిరి? 18వ శతాబ్దము చివర సముద్రపు పోటు నాపుటకై కట్ట వేసిన పిదప, ఆరిన పల్లపు నేలలో నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు పనివారు గుడిసెలు వేసికొనిరి. వారి పేరనే ఆ పేట కామాఠీపురా అయ్యెను. వారు రాయి మోసిరి, సున్నము కలిపిరి, గోడ లేపిరి. తరువాతి తరములలో పద్మశాలీలు మిల్లులకు వచ్చి మగ్గముల యొద్ద నిలిచిరి. తొలి ఎన్నికలు జరిగిన 1873లోనే జోతిబా ఫూలే పూనాలో సత్యశోధక సమాజమును స్థాపించెను. ఆ సమాజమునకు బొంబాయిలో అండగ నిలిచినవారిలో జయా కరాడీ లింగూ, వ్యంకూ బాళోజీ కాళేవార్ మొదలగు తెలుగువా రుండిరి. కావున ప్రజాకార్యములయందు మనవారికి శ్రద్ధ లేకపోయెనని ఎవ్వరును అనజాలరు. శ్రద్ధ యుండెను, వోటు మాత్రము గదిలో నివసించు కూలివానికి అందని మ్రానిపండై యుండెను.

1888 చట్టముతో సభ్యుల సంఖ్య 72 అయ్యెను. వార్డులనుండి ఎన్నుకొనబడువారు 36 మంది. ద్వారము కొంత వెడల్పయినను, అద్దెకుండువానికి అది చాలలేదు. వాని వంతు వచ్చుటకు 1922 వఱకు వేచియుండవలసివచ్చెను. ఆ సంవత్సరపు సవరణముచే నెలకు 10 రూపాయల అద్దె చెల్లించువానికి వోటు లభించెను. సభలోని 106 స్థానములలో 76 వార్డుల పరమయ్యెను. చాళ్ళ చరిత్రలో ఇది పెద్ద మలుపు. ఇక్కడి వాడుకలో మనము పావతి యనుచున్న అద్దె రసీదు, అంతవఱకు యజమానికిని అద్దెదారునికిని నడుమ లెక్క మాత్రమే. ఇప్పుడది పౌరత్వమునకు సాక్ష్యమయ్యెను. అయినను చాళ్ళలోని ఒంటిగది కాపురములలో చాల వాటి అద్దె ఆ అంకెకు లోపలనే యుండెను. ఒకే మెట్లెక్కి ఒకే కుళాయి నీరు పట్టుకొను ఇరుగుపొరుగులలో ఒకడు వోటరు, ఒకడు కాడు. 1923లో ఈ సభలో అడుగిడిన తొలి స్త్రీ సభ్యులలో సరోజినీ నాయుడు ఒకరు. హైదరాబాదున జన్మించి తెలుగువారి కోడలైన ఆమె సభలో కూర్చున్న దినములలో, మన చాళ్ళ స్త్రీలలో అధికసంఖ్యాకులకు వోటే లేదు.

1948లో వయోజన వోటు పద్ధతిపై ఎన్నికలు జరుగుటతో అద్దె ఎంత యని అడుగువాడు లేకపోయెను. 1873 నుండి 1948 వఱకు 75 ఏండ్లు. నగరమును కట్టినవారి సంతతికి నగరసభ తలుపు పూర్తిగ తెఱచుకొనుటకు పట్టిన కాలమిది.

తరువాతి కథ పాఠకు లెఱిగినదే. 1957లో సంయుక్త మహారాష్ట్ర సమితి విజయము, 1968లో శివసేన ప్రవేశము భాషాప్రశ్నను ఎన్నికల ముంగిటికి తెచ్చినవి. స్థానముల సంఖ్య పెరిగి 2002 నాటికి 227 అయ్యెను. 2012 నుండి సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. మనవారు మాత్రము చెదరి యున్నారు: కామాఠీపురా ఈ వార్డులోను, గ్రాంట్ రోడ్డు డి వార్డులోను గలవు. తెలుగు వోటుతోనే ఒకరు గెలుచుట దుర్లభము. కావున “మనవాడు నిలిచెనా?” యను ప్రశ్నకంటె “నిలిచినవాడు మన పని చేయునా?” యను ప్రశ్న మనకు మేలు చేయును. కార్పొరేషను ఎనిమిది భాషలలో పాఠశాలలు నడపుచున్నది, వాటిలో తెలుగొకటి. ఆ పాఠశాలల గతి యేమని మన గల్లీకి వచ్చిన ఏ అభ్యర్థినైనను అడుగవచ్చును. మన పిల్లలను మనము పంపకయే ఆ ప్రశ్న అడుగుట మాత్రము శోభింపదు.

ఇప్పుడు రానున్న అపాయము వేఱు విధమైనది. కామాఠీపురాలో పాత కట్టడములను తిరిగి కట్టించు పథకము మ్హాడా ద్వారా సాగుచున్నది. దానిని మేము వ్యతిరేకించుట లేదు. కూలనున్న పైకప్పు క్రింద కాపురము చేయుడని ఎవ్వరికిని చెప్పజాలము. కాని కట్టడము ఖాళీ చేసి కొన్ని ఏండ్లు అన్యత్ర ఉండవలసి వచ్చినప్పుడు, ఇల్లుతోపాటు వోటర్ల జాబితాలోని పేరును కదలిపోవును. కార్పొరేషను ఎన్నికలకు శాసనసభ జాబితానే విడదీసి వాడుదురు. అందులో లేని పేరు ఇందులో నుండదు. చాళ్ళు ఒక్కసారి చెదరినచో, తిరిగి కట్టిన మేడలలోనికి మనవారు వచ్చునాటికి ఆ వార్డులో మన మాట వినువా రుండకపోవచ్చును. ఏండ్ల తరబడి సంపాదించుకొన్న హక్కు, ఎవ్వరును లాగికొనకయే, మన అజాగ్రత్తచే పోవును.

కావున మా మనవి యిది. ప్రతి కుటుంబమును తన పేర్లను జాబితాలో చూచుకొనవలెను. ఇల్లు మారినవారు 8వ నంబరు ఫారము సకాలమున దాఖలు చేయవలెను. మరల స్వస్థానమునకు వచ్చినప్పుడును అట్లే చేయవలెను. తాతల నాటి అద్దె రసీదులను, పాఠశాల దాఖలాలను పాత కాగితములని పాఱవేయరాదు. క్రొత్త కట్టడములో గదికి అవియే ఆధారము. షెడ్యూల్డు కులముల మన సోదరులు ప్రత్యేక స్థానమునకు నిలువదలచినచో, తమ పూర్వులు 1950 ఆగస్టు 10వ తేదీనాటికే ఈ రాష్ట్రమున నివసించిరని చూపవలసియున్నది. అందులకును అట్టి కాగితములే సాక్ష్యము. ప్రతి గల్లీలోను చదువుకొన్న యువతీయువకులు ఇద్దఱు ముగ్గురు పూనుకొని, ముదుసలులకు ఈ పనులలో తోడ్పడినచో, ఎన్నికలనాడు చేయు సేవకంటె అది మిన్న యగును.

వోటు ఐదేండ్ల కొకసారి వేయునది. దానిని నిలుపుకొను పని మాత్రము ఏడాది పొడవునను గలదు. ఆ పని ఈ వారమే ప్రారంభమగు గాక యని కోరుచున్నాము.