ఆ నాలుగు ముక్కలు ముందే చెప్పొద్దూ?

"చిన్న గాట్లేనమ్మా, భయం లేదు" అన్నారు డాక్టరుగారు. పిత్తాశయంలో రాళ్లకు లాపరోస్కోపీ చేయించుకుని ఇంటికొచ్చిన రాత్రి పొట్టకంటే కుడిభుజమే ఎక్కువ సలిపింది. గుండెజబ్బేమోనని హడలిపోయాను. అత్తయ్యగారు "గ్యాసే, వాము నములు" అన్నారు.

పొద్దున్నే ఫోన్ చేస్తే నర్సమ్మ చెప్పింది. ఆపరేషన్‌కి పొట్టలో నింపే కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి, ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న డయాఫ్రం పొరను చికాకుపెడుతుందట. ఆ పొరకీ భుజానికీ వెళ్లే నరాలు మెడలో ఒకచోటే బయల్దేరతాయి కనుక నొప్పి భుజంలో తెలుస్తుందట. ఇది పేగుల్లో గాలి కాదు, వాముకు లొంగదు! మెల్లగా నడిచాను, రాసిచ్చిన మాత్ర వేసుకున్నాను. మూడోనాటికి తగ్గింది.

ఆయాసం, ఛాతీనొప్పి, జ్వరం, కడుపునొప్పి పెరగడం ఉంటే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

సంతకం పెట్టించుకునేటప్పుడే ఇవన్నీ చెబితే వాళ్లకేం పోతుంది? చెప్పకపోతే మనమైనా మొహమాటం మాని అడగొద్దూ?