పసిరోగి ప్రక్కన తల్లి

ఆసుపత్రి రిజిస్టరులో వ్రాయబడునది బిడ్డ పేరొక్కటే. లోపల ప్రవేశించునది మాత్రము ఇద్దరు. మూడేండ్ల పసివానికి మెదడువాపనియో, గుండెలో రంధ్రమున్నదనియో వైద్యుడు చెప్పిన నాటినుండి తల్లియు ఆ పడకకు కట్టుబడినదే. ఈ రెండవ మనిషిని మన వైద్యవ్యవస్థ లెక్కలోనికి తీసికొనకుండుట అన్యాయమని మా యభిప్రాయము.

ఇటిక్యాలనుండి బయలుదేరు కూలి దంపతులను తలంపునకు తెచ్చుకొందము. గద్వాలలో వైద్యుడు బిడ్డను చూచి పెద్దాసుపత్రికి వ్రాసియిచ్చును. కర్నూలు దగ్గరనే యున్నది. కాని 2014 జూన్ 2 నుండి అది వేఱు రాష్ట్రము. హైదరాబాదు 160 కిలోమీటర్లకు పైమాట. ఎఱ్ఱవల్లి చౌరస్తాలో బస్సెక్కు తల్లికి 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జి లేదు, తండ్రికి ఉన్నది. ఆనాడే ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచిరి. 2007లో మొదలైన ఈ పథకము లేకున్నచో చికిత్సలకొఱకు ఎన్ని యెకరములు చేతులు మాఱెడివో మా పాఠకులకు చెప్ప నక్కఱలేదు. మంచిని మంచి యనవలసినదే. అయినను శస్త్రచికిత్స వెల చెల్లినంతమాత్రమున ఆ కుటుంబము ఖర్చు చెల్లిపోలేదు. ఇరువది దినముల ఇద్దరి కూలి, పట్టణములో పూటపూటకు కొను అన్నము, రాత్రి వరండాలో పఱచుకొను చాప, ఊరిలో అవ్వవద్ద విడిచివచ్చిన పెద్దబిడ్డ: ఇవన్నియు ఏ పథకపు పట్టికలో నున్నవి?

తల్లి ప్రక్కనుండుట మమకారమే గాని వైద్యము గాదని కొందఱనవచ్చును. ఇంగ్లండు వైద్యులును ఒకప్పు డట్లే తలంచిరి. అచ్చటి పెక్కు ఆసుపత్రులు తల్లిదండ్రులను వారమున కొన్ని గంటలు మాత్రమే లోనికి రానిచ్చెడివి. తల్లి వచ్చిపోయిన పిదప బిడ్డ యేడ్చును గనుక రాకుండుటయే మేలని వారి వాదము! రెండేండ్ల బాలిక యొకతె ఎనిమిది దినములు ఒంటరిగా ఆసుపత్రిలో నెట్లు కుమిలిపోయెనో జేమ్స్ రాబర్ట్‌సన్ అనునాతడు చలనచిత్రముగా తీసి 1952లో చూపెను. 1959లో ప్లాట్ సంఘము తల్లిదండ్రులను అడ్డులేక రానీయవలెననియు, చిన్నపిల్లల తల్లులకు ఆసుపత్రిలోనే వసతి చూపవలెననియు సిఫార్సు చేసెను. మనకు ఈ పాఠము ఎవ్వరును నేర్ప నక్కఱలేకపోయినది. మన తల్లి బిడ్డను విడిచి ఎన్నడును కదలలేదు. కాని ఆమె కూర్చుండినది నేలమీద.

2021లో ప్రకటితమైన ప్రపంచ ఆరోగ్యసంస్థ పరిశోధన ఇంకను స్పష్టముగా చెప్పుచున్నది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు ఇందులో పాల్గొనినది. మిక్కిలి తక్కువ బరువుతో పుట్టిన శిశువులను పుట్టిన వెంటనే తల్లి ఱొమ్మున కానించి యుంచి, ప్రత్యేక చికిత్స వార్డులో తల్లికిని పడక వేసిరి. మొదటి 28 దినములలో మరణములు నూటికి 15.7 నుండి 12కు దిగినవి. అచ్చట తల్లి మంచము దయాధర్మము గాదు, చికిత్సలో నొక భాగము.

ప్రభుత్వమునకు ఈ న్యాయము తెలియదనుటకు వీలులేదు. తీవ్రముగా శుష్కించిన పిల్లలకై నెలకొల్పిన పోషకాహార పునరావాస కేంద్రములలో తల్లికి భోజనమును, పోయిన కూలికి పరిహారమును ఇచ్చు ఏర్పాటు కేంద్రప్రభుత్వపు 2011 నాటి మార్గదర్శకములలో కలదు. బక్కచిక్కిన బిడ్డ తల్లికి చెల్లిన న్యాయము గుండెజబ్బు బిడ్డ తల్లికి ఏల చెల్లరాదు? కేంద్రప్రభుత్వోద్యోగినులకు బిడ్డల సంరక్షణకై ఉద్యోగకాలములో 730 దినముల సెలవును 2008లోనే ఏర్పఱచిరి. కూలి తల్లికి ఒక్క దినము లేదు. 2022 మే నెలలో హైదరాబాదునందలి 18 ప్రభుత్వాసుపత్రులలో రోగుల సహాయకులకు 5 రూపాయల భోజనము మొదలుపెట్టిరి. కనుక దారి తెలియనిది కాదు.

పిల్లల వార్డులో ప్రతి పడకకు తోడుగా మడతమంచ మొకటి, రెండుపూటల అన్నము, వ్యవసాయ కూలికి ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనము: ఈ మూడును చికిత్స వెలలోనే చేర్చి చెల్లింపవలెనని మేము కోరుచున్నాము. తప్పుడు లెక్కలు పుట్టునందురా? బిడ్డ పడకపై నున్న దినములు ఆసుపత్రి పుస్తకములోనే యుండును. అంతకన్న గట్టి సాక్ష్యము మన పనుల హాజరుపట్టీలలో ఎన్నింటికి కలదు?

ఇక నడిగడ్డ రైతుసోదరులతో ఒక మాట. ప్రత్తి విత్తనపు చేలలో సాయంకాలము మొగ్గవిప్పి కేసరములు తీసివేయవలెను. మఱునాటి యుదయము పుప్పొడి యద్దవలెను. ఒక పూట తప్పిన ఆ పూవు పోయినట్లే. నడిమి కాలములో కూలిమనిషి ఆసుపత్రికి పోయిన రైతు నష్టపడును. అతడును ఆర్గనైజరువద్ద అప్పుపడినవాడే. ఈ చిక్కు మే మెఱుగనిది కాదు. అయినను ముందు సొమ్మిచ్చితిమిగదా యని పడకప్రక్క నున్న తల్లికి ఫోనుచేసి "ఎన్నడు వచ్చెద"వని నిలదీయుట మనకు తగునా? ఆ దినములను లెక్కగట్టి ఆమె కూలిలో విఱుచుకొనుట తగునా? నాట్లకు ఒకరి చేనికి ఒకరు బదులు పోవు వాడుక మన పల్లెలలో క్రొత్తది కాదు. రానున్న క్రాసింగు కాలమునకు ముందే ఇటిక్యాల రైతులు ఒకచోట కూర్చుండి, బిడ్డ ఆసుపత్రిలో నున్న కూలికి బదులుగా ఏనాడు ఎవరి మనుష్యులు పోవలెనో, ఆమె బాకీలో ఎంత విడిచిపెట్టవలెనో తేల్చుకొందురుగాక. అప్పుడు తమ శాసనసభ్యుని నిలిపి, ప్రభుత్వము ఏమి చేయుచున్నదని అడుగుటకు వారికి నోరుండును.