కొలుచువాని కూలి

బొగ్గుపులుసు వాయువును పట్టి భూగర్భమున బంధించిన కర్మాగారమునకు ధ్రువపత్రము లభించును. ఆ పత్రమునకు విపణిలో వెల గలదు. పత్రమిచ్చుటకు ముందు పరిశీలకుడు వచ్చి, లోనికి బోయిన వాయువెంతయో, అది లోపలనే నిలిచినదో లేదో తేల్చవలెను. అతనికి రుసుము చెల్లవలెను. ఆ రుసుము నెవ్వరి చేతిమీదుగా నీయవలెనను ప్రశ్న చిన్నదిగ గనబడును గాని, పత్రముయొక్క విలువ యంతయు దానిమీదనే యాధారపడియున్నది.

పాకాల ప్రాంతపు రైతు బెల్లమునో వేరుసెనగనో తూచు తక్కెడకు సర్కారు ముద్ర యుండవలెనని చట్టము. వర్తకుడు ముద్రకు రుసుము చెల్లించును. కాని తనిఖీచేయు నధికారితో కూలి బేరమాడడు. తక్కెడపై రైతునకుగల నమ్మకమున కిదియే మూలము.

వాయువును కొలుచుచోట నీ నీతి తలక్రిందైనది. క్యోటో యొడంబడికవలన నేర్పడిన క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజమునందు పథకపు యజమానియే పరిశీలక సంస్థ నెన్నుకొని సొమ్మిచ్చుచుండెను. ఫలితమేమి? 2008, 2009 సంవత్సరములలో పేరుపొందిన రెండు సంస్థల యనుమతిని ఐక్యరాజ్యసమితి మండలియే కొంతకాలము నిలిపివేయవలసివచ్చెను. సొమ్మిచ్చినవానికి ప్రతికూలముగ వ్రాయుట యెంత కష్టమో న్యాయస్థానములలో నిపుణుల సాక్ష్యము వినినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ యేర్పాటులో మెచ్చదగినదియు నొకటి గలదు. పత్రముల జారీ రుసుము బహిరంగముగ నిర్ణీతమైయుండెను: ఏటికి మొదటి 15,000 టన్నులకు టన్నుకు 10 సెంట్లు, ఆపైన 20 సెంట్లు, అనగా లక్ష టన్నులకు 18,500 డాలర్లు. కాని పరిశీలకుని కూలి వేఱు. అది బేరమునుబట్టి యుండెను. పెద్ద కర్మాగారమునకును, 2005లో నమోదైన బాగేపల్లి కూలి సంఘమువారి 5,500 గోబరుగ్యాసు ప్లాంట్లకును పరిశీలన తప్పదు. ఈ ఖర్చు ధనికునకు గణ్యము గాదు; కూలివానికి మోయరాని బరువు.

భూగర్భ నిలువకు మఱియొక చిక్కు గలదు. వాయువును సాధారణముగ 800 మీటర్లకు మించిన లోతున నింపుదురు. నింపుట ముగిసినను కనిపెట్టుట ముగియదు. ఐరోపావారి 2009 నాటి శాసనము ప్రకారము, బావి మూసిన పిదప సామాన్యముగ 20 ఏండ్లు యజమానియే బాధ్యుడు. ప్రభుత్వమున కప్పగించునపుడు కనీసము 30 ఏండ్ల పర్యవేక్షణకు సరిపడు ధనమీయవలెను. ఒక్కమాటు రుసుము కట్టి చేతులు దులుపుకొనుట చెల్లదు.

ఇది దూరదేశపు ముచ్చట గాదు. మన కేంద్రప్రభుత్వము 2023లో కార్బన్ క్రెడిట్ల వర్తక పథకమును ప్రకటించెను. 2025 అక్టోబరులో సిమెంటు మొదలగు పరిశ్రమలకు లక్ష్యములను విధించెను. ఎఱ్ఱగుంట్లలో సిమెంటు బట్టీలు, ముద్దనూరువద్ద తాపవిద్యుత్కేంద్రము మన పొరుగుననే గలవు. దక్కను నల్లరాతిలో వాయువు నిలుచునా యని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు పరిశీలించియున్నారు. ఐస్లాండులో నట్టి రాతిలో నింపిన వాయువులో 95 శాతమునకు మించి రెండేండ్లలోపల శిలగా మాఱినట్లు 2016లో తేలినది.

కావున ప్రభుత్వమువారిని మేము కోరునది నాలుగు సంగతులు. పరిశీలన రుసుములను గెజెటునందు ప్రకటింపవలెను. యజమాని సొమ్మును ఉమ్మడినిధికి కట్టవలెను; పరిశీలకుని చీటి వేసి నియమింపవలెను. నివేదికలను ఆయా గ్రామములవారి భాషలో వెల్లడింపవలెను. పేదల పథకముల ఖర్చును పెద్దవారి రుసుమునుండి భరింపవలెను. ఖర్చు పెరుగునని పరిశ్రమలవారు మొఱపెట్టవచ్చును. నమ్మకము పోయిన పత్రమునకు విపణిలో వెలయే యుండదని వారును గ్రహింతురుగాక!