వాస్తు చూశారు సరే, స్లాబు చూశారా?

ఇల్లు కొనాలనుకోగానే మనోళ్లు మొదట పిలిచేది వాస్తు సిద్ధాంతిని. తర్వాత డాక్యుమెంట్లు చూడ్డానికి లాయరుని. లోన్ పెడితే బ్యాంకు తరఫున వాల్యుయర్ వస్తాడు. ముగ్గురూ ఓకే అంటే అడ్వాన్స్ చేతులు మారిపోతుంది. మరి గోడలు, స్లాబు, వైరింగు, పైపులు ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు!

‘బ్యాంకు ఇంజనీర్ వచ్చి చూశాడు కదా’ అంటారు చాలామంది. ఆయన చూసేది బ్యాంకు కోసం. మీరు కంతులు ఎగ్గొడితే ఈ ఇల్లు అమ్మి డబ్బు రాబట్టుకోవచ్చా అన్నదే ఆయన లెక్క. బాత్రూమ్ కారుతుందా అన్నది ఆయన పని కాదు. ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టేది మాత్రం మీరు. అందుకే మీ తరఫున చూసే మనిషి ఒకరుండాలంటాను నేను. ఆయనే హోమ్ ఇన్‌స్పెక్టర్.

హైదరాబాద్, బెంగళూరుల్లో ఈ పనికి కంపెనీలే ఉన్నాయి. కర్నూలు, కడపల్లో అయితే అనుభవమున్న సివిల్ ఇంజనీర్‌ని పట్టుకున్నా చాలు. ఈ పనికంటూ మన దగ్గర ప్రత్యేక లైసెన్సు లేదు కాబట్టి, ఆయన చదువు, ఇదివరకు రాసిచ్చిన రిపోర్టు ఒకటి అడిగి చూడండి. అమ్మేవాళ్లో, బ్రోకరో చూపించిన మనిషి వద్దు. ‘రిపేర్లు కూడా నేనే చేసిపెడతా’ అనే మనిషీ వద్దు. ఫీజు ముందే మాట్లాడుకోండి.

ఆయన వచ్చినప్పుడు మీరూ పక్కనే ఉండండి. రెండు మూడు గంటలు పడుతుంది. టైల్స్‌ని తట్టి చూస్తాడు. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంట్ సరిగా పట్టలేదన్నమాట. రసమట్టం పెట్టి బాత్రూమ్ వాటం చూస్తాడు. మీటరుతో గోడలో చెమ్మ కొలుస్తాడు. ఎర్తింగ్ ఉందా, నీళ్ల ప్రెషర్ ఎంత, స్లాబు కింద పెచ్చులూడుతున్నాయా అన్నీ ఫొటోలు తీసి రిపోర్టు రాసిస్తాడు. నోటిమాటగా ‘బాగానే ఉందిలే’ అంటే ఒప్పుకోవద్దు.

మన సీమలో ఇంకో చిక్కుంది. వాన తక్కువ కాబట్టి లీకేజీ ఏడాదిలో చాలా నెలలు బయటపడదు. ఏప్రిల్‌లో చూసిన ఇల్లు తళతళలాడుతుంది, అక్టోబర్‌లో సీలింగ్ కారుతుంది. అందుకే మిద్దె మీద, బాత్రూముల్లో నీళ్లు కట్టి 24 గంటలు ఉంచి, కింద తడి దిగిందేమో చూడమనండి. బోరు సంగతి దీనికి రివర్స్. వానాకాలంలో నిండుగా వచ్చే నీళ్లు మేలో వస్తాయో లేదో పక్కింటివాళ్లనే అడగాలి.

నేల సంగతి కూడా చూడాలి. కర్నూలు, కడప చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పునాది సరిగా లేకుంటే గోడ కూడా దాంతో పాటే కదులుతుంది. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకలాంటి గీతలకు భయపడక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులు, ఇటుకల వెంబడి మెట్లు మెట్లుగా దిగిన పగులు ఉంటే మాత్రం ఆగండి. ఒక్క గోడకే కొత్త పెయింట్ వేసుంటే, ఎందుకేశారో అడగండి.

కర్నూలులో అయితే ఇంకో ప్రశ్న: 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డప్పుడు ఈ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి? కడపలో బుగ్గవంక దగ్గరి ఇళ్లకూ ఇలాంటి ప్రశ్నే వెయ్యాలి.

ఇన్‌స్పెక్టర్ చెయ్యలేనివీ ఉన్నాయి. గోడ లోపల దాగిన పైపు ఆయనకీ కనపడదు. ఈసీ, టైటిల్ చూసేది లాయరే. ఇరవై ఏళ్ల గ్యారంటీ ఎవరూ ఇవ్వరు.

‘తర్వాత ఏదైనా అయితే రెరా ఉందిగా’ అంటారా? 2016 రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పజెప్పిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడి మీరు చెప్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచెయ్యాలి. కానీ 500 చదరపు మీటర్ల స్థలం లేదా 8 ఫ్లాట్లు దాటని చిన్న ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లలో ఒకరి దగ్గర కొనే పాత ఇంటికైతే ఆ ధీమా అసలే ఉండదు. ముందే చూస్కోవడం ఒక్కటే దారి.

కాబట్టి అగ్రిమెంట్‌కి ముందే చూపించండి. రిపోర్టు చేతికొచ్చాక మూడు దారులు: రిపేర్ చేయించి ఇమ్మనడం, ఆ ఖర్చు ధరలో తగ్గించమనడం, లేదంటే దండం పెట్టి వచ్చేయడం. ‘మా ఇంజనీర్ ఒకసారి చూస్తాడన్నా’ అంటే అమ్మేవాళ్లు ససేమిరా అన్నారనుకోండి, మీకు ఫ్రీగా రిపోర్టు వచ్చేసినట్టే!