కథ కంచికి వెళ్తే సరిపోదు

సంఘాల శిక్షణల్లో రోల్ ప్లే వేయించడం మనందరికీ అలవాటైన పని. కుటుంబ హింస, బాల్య వివాహం, గుడుంబా, కూలి రేట్లు - విషయం ఏదైనా సరే, గంటసేపు చెప్పినా ఎక్కనిది పది నిమిషాల ఆటతో ఎక్కుతుందన్నది మన అనుభవం. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమ కళాజాతలు వూరూరా తిరిగాయి. 1993లో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైన మహిళా సమత కార్యక్రమం తర్వాత కరీంనగర్, ఆదిలాబాద్‌లకు కూడా వచ్చింది. అప్పటి నుంచి పాటా, ఆటా మన పనిలో భాగమైపోయాయి. కోడలెవరు, అత్తెవరు, తలకు తువ్వాల చుట్టుకుని మొగుడయ్యేదెవరు అని తేల్చుకుంటే చాలు, వేరే సరంజామా అక్కర్లేదు.

అయితే ఆ ఆటను ఎలా ముగించాలన్న దాని మీద మనం కూర్చుని మాట్లాడుకున్నది చాలా తక్కువ. ముగింపు సంతోషంగా వుండాలా, వద్దా? పైకి ఇది చిన్న ప్రశ్న. 2016లో ఎనిమిది జిల్లాలుగా విడిపోయిన పాత కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో శిక్షణలు ఇస్తూ వచ్చిన నాకు ఇది చిన్నదిగా అనిపించడం లేదు. ఎందుకంటే, ఆ ముగింపును నమ్ముకుని మరునాడు ఇంటి గడప దాటే మనిషి వొకామె ఆ గదిలోనే మన ఎదురుగా కూర్చుని వుంటుంది.

మనం సాధారణంగా వేయించే ఆట ఎలా ముగుస్తుందో గుర్తు చేసుకోండి. మొగుడు తాగొచ్చి కొడతాడు. పక్కింటామె సంఘానికి చెబుతుంది. సంఘమంతా కదిలి పోలీసు స్టేషన్‌కు పోతుంది. ఎస్.ఐ. వేషం కట్టినామె లాఠీ ఝళిపిస్తుంది. మొగుడు చెవులు పట్టుకుని "ఇగ తాగ" అంటాడు. అత్త కోడల్ని దగ్గరికి తీసుకుంటుంది. చప్పట్లు, ఫోటో, మధ్యాహ్న భోజనం.

ఆ నవ్వులకు విలువ లేదని నేననను. పొద్దంతా బీడీల చాట ముందు వంగి కూర్చునే ఆడది, పత్తి చేలో నడుం విరగ్గొట్టుకునే ఆడది, మొగుడి వేషం కట్టి మొగుణ్ణే వెక్కిరించినప్పుడు ఆమెలో కదిలే ధైర్యం ఏ పుస్తకం చదివినా రాదు. నా పేచీ ఆ నవ్వుతో కాదు, ఆ ముగింపుతో. ఆ ముగింపులో మారింది ఎవరు? మొగుడు. మార్చింది ఎవరు? ఎస్.ఐ. ఆమె మాత్రం కథ మొదట్లో ఎక్కడ నిలబడి వుందో చివర్లోనూ అక్కడే నిలబడి, ఎవరో ఇచ్చిన న్యాయాన్ని చేతులు చాచి అందుకుంటోంది.

ఆటలో పది నిమిషాల్లో తెమిలిపోయేది బయట ఎలా వుంటుందో మనకు తెలుసు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలైంది. దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వుండాలనీ, అక్కడి నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలనీ ఆ చట్టమే చెబుతోంది. కాగితం మీది ఆ అరవై రోజులు ఎన్ని నెలలకు సాగుతాయో కోర్టు మెట్లెక్కిన వాళ్ళనడగాలి. ఈలోపు స్టేషన్‌లో కౌన్సెలింగ్, వూళ్ళో పెద్దమనుషుల పంచాయితీ, పుట్టింటి నుంచి "సర్దుకుపో బిడ్డా" అన్న కబురు. వాయిదా వున్న రోజు కూలి పోతుంది, బస్సు కిరాయి పోతుంది.

జగిత్యాల వైపు వొక బీడీ కార్మికురాలు నన్నడిగిన మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. శిక్షణలో చూసిన దాన్ని నమ్ముకుని ఆమె స్టేషన్‌కు పోయింది. రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ రాయించారు. "నాటకంల అయినట్టు నాకెందుకు గాలేదక్కా? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అని అడిగింది. గమనించండి - ఆమె స్టేషన్‌ను అనుమానించలేదు, నాటకాన్ని అనుమానించలేదు. తనను తాను అనుమానించుకుంది. తేరగా దొరికే సుఖాంతం చేసే పెద్ద కీడు ఇదే. అది జరగనప్పుడు లోపం తనలోనే వుందనుకునేలా చేస్తుంది. మన సమాజం ఆడదానికి పుట్టినప్పటి నుంచి నేర్పుతున్నదీ ఆ పాఠమే కదా!

అలాగని కన్నీళ్ళ ముగింపు నిజానికి దగ్గరగా వుంటుందనుకుంటే పొరపాటు. కిరోసిన్ డబ్బాతోనో పురుగుల మందు సీసాతోనో ముగిసే నాటికలు మన కళాజాతల్లో ఎన్నో వచ్చాయి. చూసేవాళ్ళు ఏడుస్తారు, ఏడిపించాం కాబట్టి చైతన్యం వచ్చిందని మనం అనుకుంటాం. సిరిసిల్లలో మగ్గాల మధ్య, ఆదిలాబాద్ పత్తి చేలల్లో ఎన్నో ఆత్మహత్యలు చూసిన ప్రాంతం ఇది. ఇక్కడ చావును కథకు ముగింపుగా చూపించడమంటే, అదీ వొక దారేనని మళ్ళీ మళ్ళీ చెప్పడమే. ఆత్మహత్యను సమస్యకు పరిష్కారంలా చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకూ ప్రసార మాధ్యమాలకూ చెబుతూ వస్తోంది. సంఘాల ఆటలకు కూడా ఆ మాట వర్తిస్తుంది.

విషాదాంతానికి ఇంకో గుణం కూడా వుంది. దాన్ని ఆడవాళ్ళు వొక రకంగా చూస్తారు, ఇంట్లో మగవాళ్ళు మరో రకంగా చూస్తారు. ఉద్యోగం ఇప్పిస్తామని పట్నం తీసుకుపోయి అమ్మేసిన పిల్ల కథ వొకసారి వేస్తే, చూసిన వొక తండ్రి అన్నాడు - "గందుకే ఆడపిల్లను పదోతర్గతి కాంగనే ఇచ్చి చెయ్యాలె." మనం మోసగాళ్ళ గురించి హెచ్చరిస్తున్నామనుకున్నాం, ఆయనకు ఆడపిల్ల కాలు బయటపెట్టడమే నేరంగా వినిపించింది. భయపెట్టే కథ చివరికి ఎవరి చేతిలో కట్టె అవుతుందో చూసుకోకపోతే ఇలాగే వుంటుంది.

మరి మంచి ముగింపు అసలు పనికిరాదా? పనికొస్తుంది. అందుకు ఉమ్మడి రాష్ట్ర చరిత్రలోనే గట్టి రుజువుంది. 1990లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు సారా గురించి చదువుకున్నారు, మాట్లాడుకున్నారు, వూళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ వూరి గెలుపే "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమై ఇతర వూళ్ళ రాత్రి బడులకు చేరింది. వూరు తర్వాత వూరు కదిలింది. అదీ సుఖాంతమే. కానీ ఆ కథలో ఏ ఎస్.ఐ. వచ్చి గెలిపించలేదు. చదివిన ఆడవాళ్ళు తమ వూళ్ళోనూ మర్నాడే చేయగలిగిన పని అందులో వుంది: నలుగురు కలిసి పోవడం, దారికి అడ్డంగా నిలబడడం, రేపు మళ్ళీ రావడం.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా మరవకూడదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. అంటే ఏ కథా కంచికి పోలేదు. గెలిచిన చోటి నుంచే ఇంకో కథ మొదలైంది. మన ఆటల్లో లేనిది ఈ "తర్వాత" అనేదే.

సుఖాంతమంటే ఏమిటో మన సాహిత్యంలోనూ తేల్చిన వాళ్ళున్నారు. గురజాడ "కన్యాశుల్కం"లో బుచ్చమ్మకు గిరీశంతో పెళ్ళి చేసి తెర దించి వుంటే, ఆనాటి ప్రేక్షకులు సంతోషంగా ఇంటికి పోయేవారేమో. ఆయన అలా చేయలేదు. ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి, చదువు వైపు పంపే ఏర్పాటు చేశాడు. పెళ్ళితోనో మొగుడి పశ్చాత్తాపంతోనో కాక, తెరిచిన తలుపు దగ్గర కథ ఆపడం అది.

ఆ తలుపును ఎవరు తెరవాలన్న ప్రశ్నకు బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ పని నుంచి మనం నేర్చుకోవచ్చు. సైనిక పాలన వల్ల దేశం వదిలిన ఆయన 1973లో పెరూలో అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేశాడు. చదువురాని వొకామెకు మొగుడు కొన్ని కాగితాలిచ్చి దాచమన్నాడు. అవి అతని ప్రియురాలు రాసిన ఉత్తరాలని తర్వాత తెలిసింది. ఆమె కథను నాటకంగా వేస్తూ, ఇప్పుడేం చేయాలో చెప్పమని చూసేవాళ్ళనే అడిగారు. మొగుడితో స్పష్టంగా మాట్లాడి, ఆ తర్వాత క్షమించాలంది వొకామె. నటి ఎన్నిసార్లు మాట్లాడి చూపించినా ఆ మనిషికి నచ్చలేదు. చివరికి తనే వేదికెక్కి, చీపురు అందుకుని, తన దృష్టిలో స్పష్టంగా మాట్లాడడమంటే ఏమిటో చూపించింది! మొగుడి వేషం వేసినతనికి అది బాగా అర్థమైంది. చీపురు దెబ్బ సరైనదా కాదా అన్నది వేరే చర్చ. ముగింపును ఎదుటివాళ్ళ తరఫున మనం ఆడలేం అన్నది బోల్ దాని నుంచి తీసుకున్న పాఠం. ఆయన ఫోరం థియేటర్‌లో కథ చెడుగానే ముగుస్తుంది. తర్వాత మళ్ళీ మొదలుపెడతారు. చూసేవాళ్ళు ఎక్కడైనా ఆపి, పాత్రలోకి వచ్చి, కథ మలుపు తిప్పడానికి ప్రయత్నిస్తారు. 1985లో మొదలైన జన సంస్కృతి బృందం పశ్చిమ బెంగాల్ పల్లెల్లో ఈ దారిలో పనిచేస్తోంది.

మన దగ్గర ఈ పద్ధతిలో ఆడించినప్పుడు వచ్చిన ముగింపులు నన్ను ఆశ్చర్యపరిచాయి. బీడీలు చుట్టే వూళ్ళో వొకామె "ఆగుండ్రి, గట్లగాదు" అని లేచి కోడలి పాత్ర తీసుకుంది. మొగుడితో వాదించలేదు, స్టేషన్‌కు పోలేదు. ఆట మొదటికి వెనక్కి పోయి, బీడీల పి.ఎఫ్. కాగితాలు, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు వొక సంచిలో పెట్టి పక్కింట్లో దాచింది. "గివి లేకుండ బయటికెల్తే మల్ల గీ ఇంటికే రావాలె" అంది. ఏ శిక్షణ పుస్తకంలోనూ లేని తెలివి అది.

ఉట్నూరు వైపు గోండు గూడెంలో ఆట పూర్తిగా గోండిలోనే నడిచింది. అక్కడ కథ పోలీసు స్టేషన్‌కు పోనే లేదు, వాళ్ళ పెద్దల పంచాయితీ అయిన రాయ్ సెంటర్‌కు పోయింది. మగవాళ్ళే కూర్చుని తీర్పు చెబుతుంటే, వొక ముసలామె లేచి పోయి వాళ్ళ మధ్యన కూర్చుంది. ఆమె చేసిన మార్పు అంతే. మాట కూడా మాట్లాడలేదు. తీర్పు చెప్పేవాళ్ళు తడబడ్డారు, చూసేవాళ్ళు గట్టిగా నవ్వారు, ఆ తర్వాత గంటసేపు చర్చ నడిచింది. మనం రాసుకుపోయిన సుఖాంతాన్ని వాళ్ళ మీద రుద్ది వుంటే ఈ రెండూ మనకు తెలిసేవే కాదు.

ఇప్పుడు ఇది సంఘాల గదులకే పరిమితమైన విషయం కూడా కాదు. మన పిల్లలు ఫోనులో ఆడే ఆటల్లోనూ తామే వొక పాత్రయి కథ నడుపుతున్నారు. కలకత్తాకు చెందిన లీనా కేజ్రీవాల్ ఆడపిల్లల అక్రమ రవాణా మీద 2016లో "మిస్సింగ్" అనే ఆట తెచ్చారు. ఆడేవాళ్ళే అమ్ముడుపోయిన పిల్లగా మారి, నిర్ణయాలు తీసుకుంటూ బయటపడే దారి వెతుక్కోవాలి. ఇటువంటి ఆటలు ఎలా ముగియాలన్నదీ మన ప్రశ్నే. తప్పించుకోవడం అసాధ్యమని చూపిస్తే పిల్ల భయపడి ఊరుకుంటుంది. అతి సులువని చూపిస్తే నిజంగా చిక్కుకున్న పిల్లను "నువ్వెందుకు పారిపోలేదు?" అని నిలదీస్తుంది. కష్టమైనా దారి వుందనీ, ఆ దారిలో తోడు కావాలనీ చూపించగలగాలి.

సంతోషంగా ముగించకపోతే ఆడవాళ్ళు నీరుగారిపోతారని కొందరు కార్యకర్తలు అంటారు. నేను చూసినంతలో ఆడవాళ్ళను నీరుగార్చేది కష్టం గురించిన మాట కాదు, తమ కష్టాన్ని ఎవరూ లెక్కచేయకపోవడం. అబద్ధపు గెలుపు కంటే, "నీది కష్టమైన పనే, నీతో మేం వస్తాం" అన్న మాట ఎక్కువ బలమిస్తుంది. ఇక ప్రాజెక్టు నివేదికల కోసం సుఖాంతం కావాలంటే - చప్పట్ల ఫోటో దాతలకు కావాలి గానీ ఆమెకు అక్కర్లేదు.

అందుకని నా అభిప్రాయం ఇది. రోల్ ప్లేలో మంచి ముగింపుకు చోటుండాలి, కానీ దాన్ని శిక్షకురాలు సంచిలో పెట్టుకుని తేకూడదు. కథను ముడి పడిన చోట ఆపాలి. కనీసం మూడుసార్లు, ముగ్గురి చేత మూడు రకాలుగా ఆడించాలి. ఆడిన ప్రతిసారీ అడగాలి: దీనికి ఖర్చెంత, రోజులెన్ని, తోడెవరు, రాత్రి ఎక్కడ పడుకుంటుంది, పిల్లలెక్కడుంటారు? ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుందనీ, రక్షణ అధికారికి ఏం చెప్పాలనీ, 181కి ఫోన్ చేస్తే ఏం అడుగుతారనీ ఆటలోనే చూపించాలి. వాయిదా పడడాన్నీ చూపించాలి, వాయిదా పడ్డాక మళ్ళీ పోవడాన్నీ చూపించాలి. చావుతో మాత్రం ముగించకూడదు. మొగుడి పశ్చాత్తాపంతోనూ ముగించకూడదు.

చిన్నప్పుడు మనకు చెప్పిన ప్రతి కథా కంచికి పోయేది, మనం ఇంటికి పోయేవాళ్ళం. ఇప్పుడు మన శిక్షణకు వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి కథ జరుగుతున్నది ఆ ఇంట్లోనే. సాయంత్రం బస్సెక్కి ఆమె అక్కడికే తిరిగి పోతుంది. ఆమె వెంట మనం పంపవలసింది చప్పట్లను కాదు. రేపు పొద్దున ఆమె వేయగల మొదటి అడుగునూ, ఆ అడుగు తడబడితే తిరిగి వచ్చి చెప్పుకోవడానికి వొక చోటునూ. ఈ రెండూ ఇవ్వగలిగిన ఆట ఎలా ముగిసినా అది మంచి ముగింపే.