బీర్ ఒకటే.. ఓనర్లు ఇద్దరు! బడ్ లైట్‌కు ఎసరు పెట్టిన పాత డీల్

ఇండియాలో కరోనా బీర్ అమ్మితే లాభం ఏబీ ఇన్‌బెవ్‌ది. అదే బీర్ డల్లాస్‌లో అమ్ముడైతే లాభం దాని ప్రత్యర్థి కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్‌ది. లేబుల్ ఒకటే అయినా ఓనర్లు ఎందుకు వేరు?

అసలేం జరిగిందంటే.. కరోనా, మోడెలో బీర్లు తయారుచేసే మెక్సికో కంపెనీ గ్రూపో మోడెలోలో ఏబీ ఇన్‌బెవ్‌కు ముందే సగం వాటా ఉంది. మిగతా సగాన్నీ 20.1 బిలియన్ డాలర్లకు కొనేందుకు 2012లో సిద్ధమైంది. బడ్‌వైజర్, బడ్ లైట్ కూడా ఈ కంపెనీవే. పోటీ తగ్గితే ధరలు పెరుగుతాయంటూ అమెరికా న్యాయశాఖ 2013 జనవరిలో కోర్టుకెక్కింది. చివరికి రాజీ కుదిరింది. మోడెలో బ్రాండ్ల అమెరికా హక్కులను ఓ బ్రూవరీతో సహా శాశ్వతంగా కాన్‌స్టెలేషన్‌కు వదులుకున్నాకే డీల్‌కు లైన్ క్లియర్ అయింది.

అయినా గొడవ ఆగలేదు. కాన్‌స్టెలేషన్ ‘కరోనా హార్డ్ సెల్ట్‌జర్’ పేరుతో ఆల్కహాల్ కలిపిన సోడా తెచ్చింది. అది బీరే కాదు, ఒప్పందం దానికి వర్తించదంటూ 2021లో మోడెలో కేసు వేసింది. 2023లో జ్యూరీ తీర్పు కాన్‌స్టెలేషన్‌కే అనుకూలంగా వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ అదే ఏడాది తగిలింది. బాయ్‌కాట్ పిలుపులతో బడ్ లైట్ సేల్స్ పడిపోయాయి. డాలర్ల లెక్కన అమెరికాలో నంబర్ వన్ స్థానం మోడెలో ఎస్పెషల్‌కు దక్కింది. అంటే, ఏబీ ఇన్‌బెవ్ వదులుకున్న బ్రాండే దాని టాప్ బ్రాండ్‌ను కిందకు దించింది.

2013లో న్యాయశాఖ అడ్డుపడకపోయి ఉంటే? బడ్ లైట్ మానేసి మోడెలో పట్టుకున్న వాళ్ల డబ్బు కూడా తిరిగి ఆ కంపెనీ జేబులోకే చేరేది!