ప్రవర్తన కూడా ఒక భాషే

మన కళాశాల వార్షిక సంచికను ఒక వైపు నుండి తెరిస్తే తెలుగు, మరొక వైపు నుండి తెరిస్తే ఉర్దూ కనిపిస్తాయి. ఎడమ నుండి కుడికి నడిచే లిపి, కుడి నుండి ఎడమకు నడిచే లిపి ఒకే అట్టల మధ్య ఏ తగవూ లేకుండా ఇమిడి ఉండడం మనకు వింతగా తోచదు. ఒకని భాష మనకు రానంత మాత్రాన ఆ మనిషికి బుద్ధి లేదని మనలో ఎవరూ అనుకోరు. ఇంతటి ఉదారత గల మనమే, నోటి మాటతో గాక చేతలతో తన బాధను చెప్పుకునే పసివాడు ఎదురైనప్పుడు, వానిని మొండివాడనీ, వాని తల్లిని పెంచడం చేతగానిదనీ తీర్పు చెబుతున్నాము. ఆ తీర్పు అన్యాయమని నా అభిప్రాయం. అది ఎందుకు అన్యాయమో విజ్ఞులైన పాఠకులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా బంధువర్గంలో జరిగిన ఒక సంఘటనతో ప్రారంభిస్తాను. కొన్ని సంవత్సరాల క్రితం ఒక వలీమా విందుకు అందరమూ వెళ్ళాము. షామియానా క్రింద మైకు హోరుమంటున్నది. మా బంధువుల బాలుడు, ఐదేళ్ళవాడు, మొదట రెండు చెవులూ మూసుకున్నాడు. ఆపై తల్లి కొంగు పట్టి లాగాడు. ఆమె బంధువులతో మాటలలో ఉండి గమనించలేదు. చివరకు నేలపై పడి తల కొట్టుకోసాగాడు. తల్లి వానిని ఎత్తుకొని బయటికి వెళ్ళే లోపల పదిమంది పది మాటలు అన్నారు. నజర్ తగిలిందన్నవారు కొందరు, తాయెత్తు కట్టించమన్నవారు కొందరు, రెండు దెబ్బలు వేస్తే దారికి వస్తాడన్నవారు మరికొందరు. మైకు తగ్గించుదామని ఒక్కరికీ తోచలేదు. పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్న నాకూ తోచలేదు.

ఆ బాలునికి అప్పటికి వచ్చిన మాటలు ఏడెనిమిది మించవు. అన్నీ ఉర్దూ మాటలే. అందులో చాలా భాగం దాదీ ఒడిలో నేర్చినవి. వానిని చూపించిన ఒక కేంద్రంలో, "ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మూడు భాషలతో బిడ్డ తికమకపడుతున్నాడు. ఇకమీదట ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడవద్దు" అని సలహా ఇచ్చారు. తల్లికి వచ్చిన ఇంగ్లీషు స్వల్పం, దాదీకి బొత్తిగా రాదు. ఆనాటి నుండి ఆ ముసలామె మనుమని ఎదుట నోరు మెదపడం మానివేసింది. వాడు "పానీ" అని అడిగితే మారు పలకకుండా గ్లాసు చేతికిచ్చి, అటు తిరిగి కళ్ళు ఒత్తుకునేది. కొన్ని నెలలకు వాడు ఆ మాట అడగడం కూడా మానివేశాడు.

ఇట్టి పిల్లలను గూర్చి శాస్త్రం ఏమి చెబుతున్నదో సంగ్రహంగా చూద్దాము. ఆటిజం అంటురోగం కాదు, గాలి సోకడమూ కాదు. అది మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే భేదం. మనకు సామాన్యంగా తోచే చప్పుడు, వెలుతురు, బట్టల రాపిడి అట్టి వారికి దుర్భరం కావచ్చు. ఎదుటివారి కళ్ళలోకి చూడడం, మాటకు మాట బదులివ్వడం కష్టం కావచ్చు. రోజూ వెళ్ళే దారి మారినా కలవరం కలుగవచ్చు. ఏ.డి.హెచ్.డి. అనే స్థితిలో మనస్సు ఒకచోట నిలవదు, శరీరం కుదురుగా ఉండదు. డిస్లెక్సియా గల బాలుడు తెలివిలో ఎవరికీ తీసిపోకపోయినా అక్షరాలను కూడబలుక్కోలేడు. ఇట్టి భేదాలను మనుషులలోని సహజ వైవిధ్యంగా చూడవలెనన్న భావన 1990ల చివరి నుండి న్యూరోడైవర్సిటీ, అనగా నాడీ వైవిధ్యం, అనే పేరుతో ప్రచారంలోకి వచ్చింది. ఐదు వేళ్ళూ సమానంగా ఉండవని తెలుగు సామెత. ఉర్దూలోనూ సరిగ్గా ఇదే సామెత ఉన్నది. రెండు భాషలూ ఒప్పుకున్న సత్యాన్ని మనం ఆచరణలో ఒప్పుకోకపోవడమే విచిత్రం.

ఇది ఏ కొద్దిమంది ఇళ్ళలోనో ఉన్న సమస్య అనుకుంటే పొరపాటు. హైదరాబాదుతో సహా మన దేశంలోని ఐదు ప్రాంతాలలో 2 నుండి 9 సంవత్సరాల వయస్సు గల పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉన్నది. చూపు, వినికిడి లోపాలు, మూర్ఛ, ఆటిజం మొదలైన తొమ్మిది స్థితులలో ఏదో ఒకటి దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఉన్నట్లు అందులో తేలింది. అనగా మనం పాఠం చెప్పే ప్రతి తరగతి గదిలోనూ అట్టివారు ఉండి ఉంటారు.

తల్లిని నిందించడం అనే దురాచారం మన దేశానికే పరిమితం కాదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని మొదటిసారిగా విపులంగా వర్ణించాడు. అటు తరువాత, తల్లి మనస్సులోని చల్లదనమే బిడ్డ మౌనానికి కారణమన్న వాదం బయలుదేరింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ తన గ్రంథంలో ఈ వాదానికి గొప్ప ప్రచారం కల్పించాడు. దానిని ఖండించినవారిలో ముఖ్యుడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడే కాక ఆటిజం గల కుమారుని తండ్రి కూడా. ఆటిజానికి మూలం శరీర ధర్మంలో ఉన్నదని ఆయన 1964లోనే గ్రంథం వ్రాశాడు. 1977లో కవల పిల్లలపై జరిగిన పరిశోధన వంశపారంపర్య కారణాలను సూచించింది. శాస్త్రం తల్లిని నిర్దోషి అని ప్రకటించి ఇన్ని సంవత్సరాలు గడిచినా, మన పెళ్ళి పందిళ్ళలో ఆమె ఇంకా ముద్దాయిగానే నిలబడుతున్నది.

ఇక నిపుణుల సంగతి. ఇట్టి పిల్లలకు నేర్పే ప్రవర్తనా చికిత్సకు ప్రసిద్ధి తెచ్చినవాడు లాస్ ఏంజిలిస్‌లోని విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఐవర్ లోవాస్. వారానికి 40 గంటల శిక్షణతో కొందరు పిల్లలు విశేషంగా పురోగమించారని ఆయన 1987లో ప్రకటించాడు. ఎందరో తల్లిదండ్రులకు అది ఆశాదీపం అయింది. కాని ఆ పద్ధతి తొలినాళ్ళలో దెబ్బలకూ, విద్యుదాఘాతానికీ కూడా చోటు ఉండేదన్నది చరిత్ర. ఆటిజం గల పిల్లలు పెద్దవారై తమ గోడు తామే చెప్పుకోగలిగిన తరువాత ఈ పద్ధతులను తీవ్రంగా విమర్శించారు. ఇతరుల వలె కనిపించడమే గమ్యమైనప్పుడు తమ బాధ ఎవరికీ పట్టలేదన్నదే ఆ విమర్శ సారాంశం. ఆ వృత్తివారి అంతర్జాతీయ సంఘమే 2022లో విద్యుదాఘాత ప్రయోగాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానించింది.

అయితే అదే శాస్త్రం మనకు ఒక మహోపకారం కూడా చేసింది. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు, అల్లరిగా, హింసగా కనిపించే ప్రవర్తనకు వెనుక ఉన్న ప్రయోజనాన్ని వెదికారు. కొందరు పిల్లలు పని కష్టమైనప్పుడు అట్లా ప్రవర్తిస్తున్నారు. కొందరు పెద్దల దృష్టి తమపై లేనప్పుడు అట్లా ప్రవర్తిస్తున్నారు. మొదటివారికి సహాయం అడిగే చిన్న వాక్యాన్ని, రెండవవారికి మెప్పును కోరే చిన్న వాక్యాన్ని నేర్పగా ఆ ప్రవర్తన బాగా తగ్గిపోయింది. అవసరానికి సరిపోని వాక్యం నేర్పితే మాత్రం తగ్గలేదు. దీని అర్థం స్పష్టం. ఆ పిల్లలు అంతవరకూ మాట్లాడుతూనే ఉన్నారు. వినేవారికి ఆ భాష రాలేదు. వలీమా నాటి బాలుడు చెవులు మూసుకొని ఒక వాక్యం, కొంగు లాగి మరొక వాక్యం చెప్పాడు. రెండూ వినబడలేదు గనుకనే తల నేలకు కొట్టుకోవలసి వచ్చింది.

కనుక నిపుణుడు మొదట మంచి దుబాసీ కావలెను. ప్రవర్తనకు ముందు ఏమి జరిగింది, తరువాత ఏమి జరిగింది అని ఒక నోటుపుస్తకంలో వారం రోజులు వ్రాసి చూడడం ఆ విద్యలో ఓనమాలు. ఆ పుస్తకం వ్రాయగలిగినది ముఖ్యంగా తల్లి. బిడ్డ ఆకలి మూలుగుకూ, భయపు మూలుగుకూ భేదం ఆమెకు తెలిసినట్లు ఏ పట్టభద్రునికీ తెలియదు. తల్లిని గది బయట కూర్చోబెట్టి తలుపు వేసుకునే కేంద్రాన్ని నేను నమ్మను.

క్రమశిక్షణ లేకుంటే ఈ పిల్లలు లోకంలో ఎట్లా బ్రతుకుతారని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది. రోడ్డు దాటడం, అన్నం తినడం, మరుగుదొడ్డికి వెళ్ళడం నేర్పవలసినదే. తల కొట్టుకునే బిడ్డను అట్లే వదిలివేయడం ప్రేమ అనిపించుకోదు. నేర్పడానికి నేను వ్యతిరేకిని కాను. బిడ్డ చెప్పేది వినకుండా వాని నోరు మూయించి, దానినే చికిత్స అనడానికి వ్యతిరేకిని. "వద్దు" అని చెప్పే మార్గం, సైగతో గాని, బొమ్మ కార్డుతో గాని, మాటతో గాని, ప్రతి బిడ్డకూ మొదట నేర్పవలెను.

భాష విషయంలో మా బంధువులకు ఇచ్చిన సలహాకు శాస్త్రాధారం లేదు. 2012లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు, రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలకు ఆ కారణంగా మాటలు అదనంగా ఆలస్యం కాలేదని తెలిపారు. తరువాత జరిగిన పరిశీలనలూ అదే చెప్పాయి. ఇంటి భాషను తీసివేస్తే బిడ్డకు తికమక తగ్గదు. వానితో మాట్లాడే మనుషులు తగ్గుతారు. రెండు మూడు భాషలు ఊపిరిగా గల మన ఇళ్ళకు ఈ సంగతి అత్యంత ముఖ్యం.

తల్లిదండ్రులకు ఒకటి రెండు సూచనలు చేయడం నా విధి అనుకుంటాను. మేధో వైకల్యం గల వారి కొరకు కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థను నెలకొల్పింది. 2013 నుండి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పిల్లల ఎదుగుదలను ఉచితంగా పరీక్షిస్తారు. మండలాలలో భవిత కేంద్రాలు ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలనూ 21 స్థితుల జాబితాలో చేర్చింది. నిర్ణీత స్థాయి వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్య హక్కుగా లభించింది. ప్రత్యేక ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు భారత పునరావాస మండలి వద్ద పేరు నమోదు చేసుకోవలెనని 1992 చట్టం శాసిస్తున్నది. కనుక ఆ నమోదు సంఖ్య అడగడానికి సంకోచించకండి. ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయదగదని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. పూర్తిగా నయం చేస్తామన్న బోర్డులు చూసి నగలు అమ్ముకోకండి.

అదే సమయంలో, ఈ వృత్తిలో శ్రద్ధగా పనిచేస్తున్న వారి పట్ల మనకు కృతజ్ఞత ఉండవలెను. స్వల్ప వేతనంతో, ఒక్క మాట కొరకు నెలల తరబడి నేలపై కూర్చొని ఎదురుచూసే ఉపాధ్యాయినులను నేను ఎరుగుదును. వారిని బలపరచని సమాజానికి వారి నుండి అద్భుతాలు ఆశించే అర్హత లేదు. ఇంటిలో తండ్రులకూ ఒక మాట: చికిత్సకు డబ్బు ఇవ్వడంతో బాధ్యత తీరదు. ఆ నోటుపుస్తకంలో సగం పేజీలు మీ చేతివ్రాతలో ఉండవలెను.

మా బంధువుల బాలుడు ఇప్పుడు పెద్దవాడవుతున్నాడు. రెండవసారి చూపించిన స్పీచ్ థెరపిస్టు మొదటి రోజే అడిగిన ప్రశ్న, "ఇంట్లో వీనితో ఎక్కువగా మాట్లాడేవారు ఎవరు?" అని. దాదీని పిలిపించి, తనకు వచ్చిన భాషలోనే మాట్లాడమని చెప్పింది. "పానీ" అన్న మాట తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది. వాడు నేటికీ ఎక్కువగా మాట్లాడడు, విందులలో ఎక్కువసేపు ఉండడు. వానికి చప్పుడు గిట్టదని ఇప్పుడు మా అందరికీ తెలుసు. మొన్నటి పెళ్ళిలో మైకు పెట్టిన మూలకు దూరంగా ఒక గది వాని కొరకు ఖాళీగా ఉంచారు. దాదీ వాని పక్కన కూర్చొని ఉన్నది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీలో కొందరు రేపు ఉపాధ్యాయులు అవుతారు, కొందరు వైద్యులు అవుతారు, అధిక సంఖ్యాకులు తల్లిదండ్రులు అవుతారు. రెండు లిపుల మధ్య పెరిగిన మీకు మూడవ భాష నేర్వడం భారం కారాదు. మీ తరగతిలో గాని, మీ వీధిలో గాని చెవులు మూసుకున్న పసివాడు కనిపిస్తే, వాడు ఏమి చెబుతున్నాడని ముందు వాని తల్లిని అడగండి. ఆమెకు తెలుసు. ఇంతవరకు ఎవరూ అడగకపోవడమే ఆమె బాధ.